నందికొండ: కట్టినవారి ఊరు

1

మనకు రాజవంశాల చరిత్రలున్నాయి. సంస్థానాల చరిత్రలున్నాయి. పుణ్యక్షేత్రాలకు స్థలపురాణాలున్నాయి. చిన్న పట్టణాలకు మాత్రం చరిత్ర లేదు. ఎవరైనా ఒక చిన్న ఊరిని గురించి రాయబూనితే, ఏ రాజు ఆ ఊరి మీదుగా దండెత్తిపోయాడో, ఏ మంత్రి వచ్చి ఏ శిలాఫలకం ఆవిష్కరించాడో చెప్పి ఊరుకోవడం ఆచారమైపోయింది. గోడలు లేపినవారు, బావులు తవ్వినవారు, బరువులు మోసినవారు ఆ రాతల్లో కనిపించరు. కనిపించకపోవడం యాదృచ్ఛికం కాదు. చరిత్రను ఎవరి వైపు నిలబడి చూస్తున్నామన్న ప్రశ్నకు అది ఒక సమాధానం.

ఈ లోపం ఎంతటిదో తెలుసుకోవడానికి నందికొండను మించిన ఉదాహరణ దొరకదు. నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన, కృష్ణ ఎడమ గట్టున వున్న చిన్న పట్టణమిది. బయటి లోకానికి దీని పేరు నాగార్జునసాగర్. లోపలివారికి ఇది రెండు ముక్కలు: ఒకటి హిల్ కాలనీ, రెండవది పైలాన్ కాలనీ. నది కావలి గట్టున దీని తోబుట్టువు విజయపురి సౌత్. ఒకే పని కోసం పుట్టిన ఈ కాలనీల పేర్లలో ఏ ఒక్కటీ అక్కడ ముందునుంచీ బతికిన జనం నోట పుట్టినది కాదు. ఒకటి ఇంజినీరు పటం మీది గుర్తు. ఒకటి శంకుస్థాపన స్తంభం. ఒకటి పదిహేడు వందల ఏళ్ళనాటి రాజధాని జ్ఞాపకం.

ఊరు ఎవరిది? పేరు పెట్టినవారిదా, కట్టినవారిదా, అక్కడ నివసించేవారిదా? నందికొండ చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆ చరిత్రను మొదటినుంచి పరిశీలిద్దాం.

2

క్రీస్తు శకం 3వ శతాబ్ది రెండవ పాదంలో శాతవాహనుల ప్రాభవం అంతరించిన తరువాత, ఈ కృష్ణా లోయలో ఇక్ష్వాకులు రాజ్యం స్థాపించారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, అతని కుమారుడు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు, ఆ తరువాత రుద్రపురుషదత్తుడు విజయపురి రాజధానిగా ఏలారు. నూరేళ్ళకు మించని పాలన అది. అయినా ఆ కొద్దికాలంలోనే మహాచైత్యం, విహారాలు, దేవాలయాలు, నదికి మెట్ల రేవులు, చుట్టూ మెట్లవరుసలున్న ప్రదర్శనశాల ఇక్కడ వెలిశాయి.

రాజులు అశ్వమేధాది వైదిక క్రతువులు చేశారు. రాణివాసపు స్త్రీలు, ఇతర ఉపాసికలు బౌద్ధానికి దానాలిచ్చారు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి చేసిన సేవ శాసనాల్లో వుంది. బోధిశ్రీ అనే ఉపాసిక వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో సింహళ భిక్షువుల కోసం ఒక చైత్యగృహం కట్టించింది. కాశ్మీర, గాంధార, చీనా, తోసలి, వంగ, వనవాసి, ద్రమిళ, తామ్రపర్ణి దేశాల పేర్లు ఆమె శాసనంలో వున్నాయి. మారుమూల కొండల నడుమ వున్న ఈ లోయకు అన్ని దేశాలతో సంబంధం ఎట్లా ఏర్పడింది? కృష్ణా ముఖద్వారం నుంచి సాగిన సముద్ర వ్యాపారమే దానికి మూలం. తమలపాకుల వర్తకులకు, పిండివంటల వారికి శ్రేణులుండి, వాటిలో ధర్మనిధులు జమచేసిన సంగతి కూడా ఇక్కడి శాసనాల వల్లనే తెలియవస్తుంది. అంటే ఇది రాజుల ఊరే కాదు, పనివారల ఊరు కూడా.

బోధిశ్రీ శాసనంలో మరొక విశేషం వుంది. పండితులు దానిని గమనించారు గాని దాని అర్థాన్ని పూర్తిగా విప్పి చెప్పలేదు. శాసనం చివర ఆ పనిని పర్యవేక్షించిన ముగ్గురు స్థవిరుల పేర్లు, చంద్రముఖుడు, ధర్మనంది, నాగుడు అని చెప్పిన తరువాత, ఇది శిలావర్ధకి విధికుని పని అని కూడా వుంది. శిలావర్ధకి అంటే రాతిపని చేసే శిల్పి. దానమిచ్చిన స్త్రీ తన బంధువర్గాన్నంతా పేరుపేరునా తలుచుకుని, ఆ పుణ్యఫలంలో వారికి వాటా చెప్పి, చివరకు రాయి చెక్కినవానిని కూడా మరువలేదు.

దీనిని చూసి ఆ కాలం స్వర్ణయుగమని పొంగిపోనక్కరలేదు. విధికుని వెనుక రాళ్ళు మోసినవారెందరో, ఇటుక కాల్చినవారెందరో. వారి పేర్లు ఎక్కడా లేవు. కాని ఒక్క పనివాని పేరైనా రాతి మీదికి ఎక్కింది. ఈ సంగతిని గుర్తుపెట్టుకుని ముందుకు పోదాం. ఈ లోయలో మళ్ళీ రాతిపని జరిగినప్పుడు పోల్చి చూడవలసి వుంటుంది.

4వ శతాబ్ది తొలి భాగంలో ఇక్ష్వాకుల కథ ముగిసింది. వ్యాపారం తగ్గి, ఆదరించే రాజ్యం పోయి, విజయపురి క్రమంగా మట్టిలో కలిసింది. మధ్యయుగంలో కొండ మీద ఒక కోట వెలిసినా రాజధాని వైభవం తిరిగి రాలేదు. నగరం వున్నచోట పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు మిగిలాయి. రైతులు దున్నుతుంటే నాగలికి పాలరాతి ముక్కలు తగిలేవి. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడొక స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేయగా, 1926లో మద్రాసు శాసన శాఖలోని ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. ఆ మీదట 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938 తరువాత టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. చరిత్రకు ఈ లోయను తిరిగి ఇచ్చిన మొదటి మనిషి ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు!

3

విజయపురి తరువాత చాలాకాలం ఇక్కడి కృష్ణ ఒక సరిహద్దు. కుడిగట్టున గుంటూరు జిల్లా పలనాడు, అది మద్రాసు రాజధానిలో భాగం. ఎడమగట్టున నిజాం రాజ్యపు నల్లగొండ జిల్లా. అక్కడి చిన్న పల్లె నందికొండ. నది రెండు రాజ్యాలది కాబట్టి ఏ ఒక్కరూ దానిని పూర్తిగా వాడుకోలేకపోయారు. నీరు కొండల నడుమ లోతున పారేది. మెట్టమీది రైతు ఆకాశం వంక చూసేవాడు.

ఎడమగట్టు పరిస్థితిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నల్లగొండ జిల్లాలో దేశ్‌ముఖుల చేతిలో వేలాది ఎకరాలు, వెట్టి, అక్రమ వసూళ్ళు. పక్కనున్న మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే పాలమూరులో, గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాల ఏలుబడి. రాతినేల, నిలకడలేని వాన, పరాయిచేతిలోని భూమి, ఈ మూడూ కలిసిన చోట పేదవానికి మిగిలినది వలస ఒక్కటే. మట్టిపనికీ రాతిపనికీ పాలమూరు మనిషిని పిలవడమన్నది దేశమంతా ఒక అలవాటుగా మారడానికి మూలం ఇక్కడుంది.

1946లో నల్లగొండలో రగిలిన సాయుధ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. దాని ప్రధాన ప్రశ్న భూమి. దున్నేవాని చేతికి భూమి రావాలన్న ఆ ప్రశ్నకు పాలకవర్గం వరుసగా కొన్ని సమాధానాలు చెప్పింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం ఒకటి. 1951 ఏప్రిల్‌లో ఇదే నల్లగొండ జిల్లా పోచంపల్లిలో మొదలైన భూదానం ఇంకొకటి. నందికొండ ప్రాజెక్టును కూడా ఈ వరుసలోనే నిలబెట్టి చూడాలని నా అభిప్రాయం. భూమిని పంచడం కష్టమైనప్పుడు నీటిని పంచుతామనడం సులభం. నీరు వస్తే అందరికీ మేలన్న మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ నీరు ఎవరి భూమి మీద పారుతుందన్న ప్రశ్న అట్లాగే మిగిలిపోతుంది.

ప్రాజెక్టు కోసం జరిగిన ప్రయత్నం సామాన్యమైనది కాదు. కృష్ణా జలాలను దక్షిణానికి మళ్ళించే కృష్ణా-పెన్నారు పథకం మద్రాసు ప్రభుత్వ పరిశీలనలో వున్న రోజులవి. దానికి వ్యతిరేకంగా ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ఉద్యమం నడిపారు. 1952లో ఖోస్లా కమిటీ కృష్ణా, గోదావరి పథకాలను పరిశీలించి నందికొండ అనువైన చోటని అభిప్రాయపడింది. కమిటీ సభ్యులు చేరడానికి దారి లేకపోతే చుట్టుపక్కల గ్రామాల జనం కొద్దిరోజుల్లో దారి వేసి చూపించారని పలనాటిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముక్త్యాల రాజా పేరు చరిత్రలో నిలవదగినదే. అయితే ఆ దారి వేసిన పలుగూ పారా ఎవరివన్న ప్రశ్నను ఆ పేరు మరిపించకూడదు.

4

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటికి ఎడమగట్టు హైదరాబాదు రాష్ట్రంలో, కుడిగట్టు ఆంధ్ర రాష్ట్రంలో వున్నాయి. రెండు రాష్ట్రాల ఉమ్మడి పనిగా మొదలైన ప్రాజెక్టు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో ఒకే రాష్ట్రపు పని అయింది. ఇటువంటి కట్టడాలను నవభారతపు దేవాలయాలుగా నెహ్రూ భావించారు. నందికొండ ప్రాజెక్టు నాగార్జునసాగర్ అయింది. శంకుస్థాపన స్తంభం దగ్గర వెలిసిన నివాసాలు పైలాన్ కాలనీ అయ్యాయి. కొండమీద కట్టినవి హిల్ కాలనీ అయ్యాయి.

ఈ ఊరు పుట్టిన తీరును గమనించాలి. సాధారణంగా ఊరు సంత వల్లనో, గుడి వల్లనో, రేవు వల్లనో, రైలు వల్లనో పుడుతుంది. ముందు నలుగురు చేరతారు, తరువాత వీధి వస్తుంది, ఆ తరువాత పాలన వస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. ముందు పటం వచ్చింది, తరువాత క్వార్టర్లు వచ్చాయి, చివరకు జనం వచ్చారు. వచ్చినవారు కూడా హోదా ప్రకారం వచ్చారు. ఇంజినీరుకు బంగళా, గుమాస్తాకు క్వార్టరు, కూలికి పని దగ్గర గుడిసె. వర్గసమాజపు మెట్లవరుసను ఒక కాగితం మీద గీసి, దానినే ఊరుగా కట్టినట్టయింది.

నందికొండ ఆనకట్ట ప్రపంచంలోని అతి పెద్ద రాతికట్టు ఆనకట్టల్లో ఒకటి. పునాది నుంచి ఎత్తు సుమారు 124 మీటర్లు. రాతికట్టు పొడవు సుమారు 1,450 మీటర్లు. దానికి 26 గేట్లు. ఆ కాలంలో పెద్ద ఆనకట్టలు కాంక్రీటుతో, యంత్రాలతో కడుతున్నారు. మనదేశంలోనే భాక్రా అట్లా లేచింది. ఇక్కడ మాత్రం రాతిని సిమెంటు సున్నంతో పేర్చి చేతులతో కట్టారు. విదేశీ యంత్రాలకు విదేశీ ద్రవ్యం కావాలి, అది కొరత. మనిషి మాత్రం చవక. ఇంత రాయి, ఇంత మంది దొరికే చోట ఇదే లాభమని లెక్క తేలింది. ఎందరికో పని దొరుకుతుందన్నది ఇంకొక కారణం. రెండు కారణాలూ సబబే. కాని మనిషి ఎందుకు అంత చవకగా దొరికాడన్న దానికి జవాబు ఆ అంచనా పత్రాల్లో లేదు. అది దేశ్‌ముఖుల గడీల్లోనూ, పాలమూరు సంస్థానాల్లోనూ, పలనాటి మెట్టపొలాల్లోనూ వుంది.

ఆ పనిని చూసినవారు మరువలేరు. సర్వి కొయ్యలతో, వెదుళ్ళతో అంచెలంచెలుగా వాలు పరంజాలు లేచేవి. ఒంటరిగా మోయలేని రాయిని కొయ్యకు కట్టి నలుగురైదుగురు భుజాల మీద ఎత్తుకుని, అడుగులో అడుగు వేస్తూ ఆ వాలు మీద ఎక్కేవారు. ఒకరి కాలు తప్పితే అందరి ప్రాణాల మీదికి వచ్చే పని అది. స్త్రీలు తట్టలతో సున్నం మోసేవారు. వడ్డెరలు రాయి కొట్టేవారు. తాపీమేస్త్రీలు గుండు కట్టి వరుస సరిచూసేవారు. యంత్రాలు బొత్తిగా లేవని కాదు. కాని ఆనకట్ట ఎత్తుకు తగ్గట్టుగా లేచిన ఆ పరంజాల మీద చీమలబారులా సాగిన జనమే అసలు యంత్రం.

వీరిని పనికి చేర్చిన పద్ధతి గుంపు మేస్త్రీ పద్ధతి. మేస్త్రీ పల్లెకు వచ్చి బయానా ఇస్తాడు. కరువులో వున్న కుటుంబం ఆ డబ్బు తీసుకుంటుంది. అది తీరేదాకా మనిషి మేస్త్రీ మనిషి. కూలి కాంట్రాక్టరు నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి కూలికి దిగివచ్చేసరికి ఎంత కరిగిపోతుందో చెప్పనక్కరలేదు. వలస శ్రామికుల కోసం ప్రత్యేకమైన కేంద్ర చట్టం 1979లో గాని రాలేదు, అదీ రాష్ట్రం దాటి పోయినవారికి మాత్రమే. నందికొండ గోడ అప్పటికే లేచి నిలబడి వుంది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. 203 కిలోమీటర్ల కుడికాలువకు జవహర్ కాలువ అని, 178 కిలోమీటర్ల ఎడమకాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేర్లు. గేట్లు అమర్చడం 1974 నాటికి పూర్తయింది. రూపకల్పనలో కె.ఎల్. రావు ప్రతిభ, నిర్మాణంలో ముఖ్య ఇంజినీరు మీర్ జాఫర్ అలీ దీక్ష నిస్సందేహంగా స్మరించదగినవి. అయితే బోధిశ్రీ శాసనం ప్రమాణంగా చూస్తే ఏమి కనిపిస్తుంది? దాత పేరుంది, పర్యవేక్షకుల పేర్లున్నాయి, శిలావర్ధకి పేరు లేదు. బడిపిల్లవాడు చదివే పాఠంలోనూ లేదు, యాత్రికుని చేతికిచ్చే కరపత్రంలోనూ లేదు. ప్రజాస్వామ్యంలో కట్టిన దేవాలయం, పనివానిని గుర్తుపెట్టుకోవడంలో, రాచరికపు చైత్యగృహం కంటె వెనుకబడింది!

5

ఆనకట్ట లేవడమంటే లోయ మునగడం. నీటిమట్టం 590 అడుగులకు చేరితే జలాశయం సుమారు 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. దాని కింద రెండు లోకాలు మునిగాయి. ఒకటి చనిపోయిన నగరం, రెండవది బతికివున్న పల్లెలు.

చనిపోయిన నగరానికి జరిగిన మర్యాద చెప్పుకోదగినది. 1954 నుంచి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన లోయనంతా తవ్వి పరిశోధించారు. రాతియుగం నుంచి మధ్యయుగం వరకు మానవజీవితపు పొరలన్నీ బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి, కొండమీదికి చేర్చి, తిరిగి కట్టారు. మరికొన్నిటికి అనుపు దగ్గర నమూనాలు నిలిపారు. నాగార్జునకొండ ఒక దీవి అయింది. దాని మీద 1966లో మ్యూజియం తెరిచారు. ఎడమగట్టున ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ జరిపిన తవ్వకాలు కూడా ఈ కాలపు కృషే. మునిగిపోనున్న వారసత్వాన్ని ఇంత శ్రద్ధగా కాపాడుకున్న సందర్భాలు మనదేశంలో అరుదు. ఇందుకు పురాతత్వవేత్తలకు మనం రుణపడి వున్నాం.

బతికివున్న పల్లెల మాట వేరు. యాభైకి పైగా గ్రామాలు నీటి పాలయ్యాయి. నాడు అమలులో వున్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దాని దృష్టిలో నష్టం అంటే హక్కుపత్రం వున్న ఆస్తికి నష్టం. పట్టాదారుకు పరిహారం వుంటుంది. నోటిమాట మీద కౌలు చేసినవానికి, పాలేరుకు, నదిమీద బతికిన జాలరికి, కొండవాలున మేకలు కాచుకున్న లంబాడీ కుటుంబానికి ఆ చట్టంలో చోటు దొరకడం కష్టం. భూమి లేనివాడు కూడా నిర్వాసితుడేనని మన చట్టం ఒప్పుకున్నది 2013లో. మహాస్తూపపు ఇటుకలకు నంబర్లు వేసి ఎత్తుకు తెచ్చినవారికి, పుల్లారెడ్డిగూడెపు గుడిసెలకు కూడా నంబర్లు వేసి ఎత్తుకు తేవాలని తోచలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆనకట్ట కట్టకూడదని నేను అనడం లేదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల మెట్టభూములు వరిమళ్ళయ్యాయి. పలనాడు, ప్రకాశం, ఖమ్మం, కృష్ణా జిల్లాలలో లక్షలాది ఎకరాలకు నీరందింది. కరువు అనుభవించినవాడెవడూ దానిని తక్కువ చేసి మాట్లాడడు. నా ప్రశ్న అభివృద్ధి కావాలా వద్దా అన్నది కాదు. దాని బరువు ఎవరి భుజాన పడింది, ఫలం ఎవరి గాదెకు చేరింది అన్నది.

ఈ ప్రశ్నకు పాలమూరు ఇచ్చే జవాబు కఠినమైనది. సాగర్ కాలువలు ఆనకట్ట నుంచి దిగువకు పారతాయి. ఎగువనున్న పాలమూరుకు ఆ కాలువల్లో చుక్క లేదు. ఎదురుగా కనిపించే దేవరకొండ మెట్టకు కూడా ఆ నీరు ఎక్కదు. చాలాకాలం తరువాత పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి నీరు ఎత్తిపోసే ఏర్పాటు వచ్చేదాకా, సాగరం పక్కనే వుండి, ఫ్లోరైడు నీటితో ఎముకలు వంకరపోయిన జనం నల్లగొండ జిల్లాలో వున్నారు. నందికొండ పని అయిపోయాక శ్రామికులు ఎగువన శ్రీశైలం పనికి పోయారు. దానికి 1960లోనే శంకుస్థాపన జరిగింది. ఆ ఆనకట్ట లేచిన తరువాత మునిగినవాటిలో పాలమూరు జిల్లా కొల్లాపురం, ఆలంపూరు ప్రాంతాల ఊళ్ళున్నాయి. తన చేతులతో కట్టిన గోడ తన జిల్లా పల్లెలనే ముంచిన చరిత్ర పాలమూరు కూలిది.

6

పని ముగిసిన తరువాత నందికొండ ఏమైంది? ఆనకట్ట కోసం పుట్టిన ఊరికి ఆనకట్ట పూర్తి కావడమే మొదటి గండం. గుడిసెలు లేచిపోయాయి. కాంట్రాక్టర్లు సామాను కట్టుకున్నారు. ఇంజినీర్లకు బదిలీలయ్యాయి. మిగిలినవారు చిన్న ఉద్యోగులు, పదవీవిరమణ చేసినవారు, వారి పిల్లలు, అంగళ్ళవారు, జాలరులు, యాత్రికుల మీద బతికేవారు. విద్యుత్కేంద్రం కొందరికి పని ఇచ్చింది. కుడిగట్టున విజయపురి సౌత్‌లోని గురుకుల జూనియర్ కళాశాల ఎందరో పేదపిల్లలను పైకి తెచ్చింది. కాని ఊరి ఉనికి సందిగ్ధంలోనే వుండిపోయింది. ఇల్లు ప్రాజెక్టుది, వీధి ప్రాజెక్టుది, కుళాయి ప్రాజెక్టుది. మూడు తరాలు కాపురమున్న కుటుంబం కూడా పరాయి ఇంట్లో వున్నట్టే బతకవలసి వచ్చింది.

ఇటువంటి ఊళ్ళు ప్రపంచంలో మరికొన్ని వున్నాయి. అమెరికాలో కొలరాడో నదిమీద హూవర్ ఆనకట్ట కట్టేటప్పుడు, 1931లో నెవాడా ఎడారిలో బౌల్డర్ సిటీ అనే ఊరిని ఫెడరల్ ప్రభుత్వమే కట్టించింది. చాలాకాలం దానిని ఒక సర్కారు కార్యాలయంలాగే నడిపారు. చివరకు 1960లో అక్కడి ప్రజలకు సొంత పురపాలన వచ్చింది. అంటే అధికారుల క్యాంపు పౌరుల ఊరు కావడానికి అక్కడ 29 ఏళ్ళు పట్టింది. నందికొండకు పురపాలక సంఘం ఏర్పడినది 2018లో. దానికి మొదటి పాలకవర్గ ఎన్నికలు జరిగినది 2020 జనవరిలో. శంకుస్థాపన నాటికి పుట్టిన బిడ్డ, తన ఊరి పురపాలక సభ్యుని ఎన్నుకునే నాటికి, అరవై నాలుగేళ్ళ వృద్ధుడు!

ఈలోగా నది తిరిగి సరిహద్దు అయింది. 1956లో చెరిగిన గీత 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో మళ్ళీ పడింది. ఒకే పని కోసం పుట్టిన ఎడమగట్టు కాలనీలూ, కుడిగట్టు కాలనీ వేర్వేరు రాష్ట్రాలలోకి పోయాయి. 2023 నవంబరు చివర, తెలంగాణ శాసనసభ ఎన్నికల వేళ, ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచారు. గేట్ల నడుమ ముళ్ళకంచె పడింది. ఆ తరువాత కేంద్ర బలగాలు కాపలాకు వచ్చాయి. రెండు గట్ల జనమూ కలిసి ఎత్తిన రాళ్ళవి. ఏ రాయి ఏ రాష్ట్రపు కూలి ఎత్తాడో ఎవరు చెప్పగలరు?

నీటి పంపకం తగాదా న్యాయమైన తగాదాయే. బచావత్ ట్రిబ్యునల్ సాగర్‌కు 281 టి.ఎం.సీ.లు కేటాయించింది: కుడికాలువకు 132, ఎడమకాలువకు 132, ఆవిరికి 17. అంకెలు సమంగా కనిపిస్తాయి. కాని ఒకనాడు 408 టి.ఎం.సీ.లు పట్టిన జలాశయం పూడిక వల్ల ఇప్పుడు సుమారు 312 మాత్రమే పట్టుతున్నది. గిన్నె కుదించుకుపోతుంటే వాటాల మీద పట్టుదల పెరుగుతున్నది. రెండు గట్ల రైతునూ ఒకనికొకణ్ణి శత్రువుగా చూపే ప్రచారం ఈ మూల సమస్యను మరుగుపరుస్తున్నది.

2022 మేలో హిల్ కాలనీ దగ్గర బుద్ధవనం తెరిచారు. స్తూపాలు, శిల్పాలు, ఉద్యానాలు అందంగా వున్నాయి. యాత్రికులు రావడం ఊరికి మంచిదే. విజయపురి జ్ఞాపకానికి ఇది మూడవ రూపం: అసలుది నీటి కింద వుంది, ఎత్తి తెచ్చినది దీవి మీద వుంది, కొత్తగా కట్టినది కొండమీద వుంది. ప్రాచీన చరిత్రను ఇన్నిసార్లు కట్టుకున్న మనం, నిన్నమొన్నటి చరిత్రను ఒక్కసారైనా కట్టుకోలేదు.

7

కాబట్టి నందికొండ చరిత్రకారుని ముందున్న పని ఏమిటి?

విజయపురిని గురించి రాసినవారున్నారు. ఆనకట్ట ఇంజినీరింగు గురించి రాసినవారున్నారు. మిగిలినది ఆనకట్ట కట్టిన మనుషుల చరిత్ర. దీనికి శాసనాలు లేవు. హాజరు పట్టీలు, చెల్లింపు పుస్తకాలు, ప్రమాదాల నివేదికలు, వైద్యశాల రికార్డులు ప్రాజెక్టు కార్యాలయాల బీరువాలలో ఎంతవరకు మిగిలివున్నవో వెతకాలి. చెదలు తినకముందే వెతకాలి. మునిగిన గ్రామాల జాబితా ఒక్కటే చాలదు. ఆ గ్రామాల కుటుంబాలు ఎక్కడెక్కడికి చేరాయో, ఏమి పొంది ఏమి పోగొట్టుకున్నాయో పల్లెపల్లెకూ పోయి అడగాలి. పాలమూరు తండాలలో, వడ్డెరవాడలలో ఆనకట్ట పనికి పోయి వచ్చిన తరంలో కొద్దిమందే మిగిలివున్నారు. అప్పటి ఇరవై ఏళ్ళ పడుచువాడు ఇప్పుడు ఎనభై దాటినవాడు. ఈ పని ఒక పండితునితో అయ్యేది కాదు. రచయితలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి చేయవలసినది. ఈ లోయను కనిపెట్టినవాడు ఒక బడిపంతులేనన్న సంగతి ఈ తరం ఉపాధ్యాయులకు ధైర్యమివ్వాలి.

నందికొండ పౌరులకు కూడా ఒక బాధ్యత వుంది. కొత్త పురపాలక సంఘం వీధులకు పేర్లు పెట్టుకుంటుంది. చౌరస్తాలలో విగ్రహాలు నిలుపుకుంటుంది. నాయకుల పేర్లతో కాలువలు నిండివున్నాయి. రాజుల పేర్లతో మ్యూజియం నిండివుంది. ఒక వీధికి రాయి మోసినవాని పేరు, ఒక వీధికి మునిగిన పల్లె పేరు పెట్టుకోవడానికి ఏ ట్రిబ్యునల్ అనుమతీ అక్కరలేదు.

విధికుడు ఎవరో మనకు తెలియదు. అతని ఊరు, కులం, కూలి, సంతానం ఏమీ తెలియదు. తెలిసినదల్లా ఒక్కటే: ఈ పని అతనిది. పదిహేడు వందల ఏళ్ళుగా ఆ ఒక్క మాట రాతి మీద నిలిచివుంది. 1955 తరువాత ఇదే లోయలో రాయి ఎత్తిన వేలాదిమందికి కూడా ఆ ఒక్క మాట చెందవలసి వున్నది. దానిని చెప్పే పని చరిత్ర రాసేవారిది.